డ్యూటీ చార్టులో కనబడని గంటలు

బ్రాడీపేట, గుంటూరు
12 నవంబరు 2025

చిరంజీవి అమ్ములును నాన్న ఆశీర్వదించి వ్రాయునది.

ఇక్కడ మేమంతా క్షేమం. అక్కడ నీ క్షేమసమాచారాలు తెలియజేయగలవు. పాత పద్ధతిలో మొదలుపెట్టానని నవ్వవద్దు. ఫోనులో అయితే సగం మాటలు సిగ్నలు మింగేస్తుంది, మిగిలిన సగం 'మీటింగు ఉంది నాన్నా' అని నువ్వు మింగేస్తావు. కాగితానికి ఆ ఇబ్బంది లేదు. రిజిస్టరు పోస్టును స్పీడు పోస్టులో కలిపేశారట కనుక ఇది స్పీడు పోస్టులోనే వస్తుంది. సంతకం పెట్టి తీసుకో, వాచ్‌మన్ బల్ల మీద పడి ఉండనివ్వకు.

నువ్వు చివరిసారి ఫోను చేసింది దీపావళి మరునాడు. నేటికి ఇరవై రెండు రోజులు. లెక్కపెట్టుకుంటూ కూర్చున్నానని అనుకోవద్దు. భోజనాల బల్ల ఎదురుగా క్యాలెండరు ఉన్నది కాబట్టి కంటబడింది, అంతే. మొంథా తుపాను రాత్రి 'అంతా ఓకేనా' అని మెసేజి పెట్టావు, అమ్మ 'ఓకే' అని పెట్టింది, అక్కడితో సరి. పనిలో ఉన్నావని మాకు తెలుసు. రాత్రి ఒంటిగంటకు కూడా ఆన్‌లైన్‌లో కనబడుతున్నావు కనుక ఆరోగ్యంగానే ఉన్నావని కూడా తెలుసు. ఆ వేళ దాకా ఫోను వెలుతురులో కళ్లు పెట్టడం పైలట్ కాదలచుకున్న పిల్ల చేయదగిన పనేనా అన్నది నువ్వే ఆలోచించుకో.

మొన్న ఆదివారం కొండవీడులో వనభోజనాలకు వెళ్లాము. చిన్నత్త పులిహోరలో ఉప్పు మరిచిపోయింది, ఎవరూ చెప్పలేదు. విస్తళ్లు తీస్తుండగా బంటిగాడు వచ్చి, 'మామయ్యా, అక్క నేవీకే ఖాయం చేసుకుందట కదా, ఓడ మీద దిగే విమానాలట' అన్నాడు. నేను, 'నాకు తెలుసులేరా' అన్నాను. అంతకంటే ఏమనగలను? ఉసిరి చెట్టు కింద ఇరవై మంది కూర్చుని ఉన్నారు. అమ్మ మాత్రం నా మొహం చూసి మజ్జిగ గ్లాసు చేతికిచ్చింది.

ఆ విషయం అడగడానికి ఈ ఉత్తరం వ్రాయడం లేదు. మైసూరులోని వైమానిక దళం ఎంపిక బోర్డు వారూ, బెంగళూరులోని నౌకాదళం ఎంపిక బోర్డు వారూ ఇద్దరూ నిన్ను మెచ్చారు. జన్మకు ఒకేసారి వ్రాయనిచ్చే ఆ పైలట్ పరీక్షలో నెగ్గావు. ఎటు వెళ్లాలో నిర్ణయించుకునే హక్కు నీది. ముప్పై ఒక్క సంవత్సరాలు బస్సు డిపోలో డ్యూటీ చార్టులు వేసిన చేయి కనుక ఊరుకోలేక, ఏ దళంలో పైలట్ పని ఎట్లా ఉంటుందో ఒక తెల్లకాగితం మీద గళ్లు గీసి చూసుకున్నాను. చదివినదీ, మన వీధి చివరి నేవీ తాతగారు చెప్పినదీ కలిపి వ్రాస్తున్నాను. పనికివస్తే చూడు, లేకపోతే డ్రాయరులో పడెయ్యి.

ముందు వైమానిక దళం. అందరూ అడిగేది ఎన్ని గంటలు ఎగురుతారని. యుద్ధవిమానం ఒకసారి పైకి వెళ్లి వచ్చేది చాలామటుకు గంట, గంటన్నర. అది చూసి మీ పెదనాన్న, 'ఇంతేనా, మిగిలిన రోజంతా ఖాళీయేగా' అన్నాడు. ఆ గంట కోసం ముందు వాతావరణమూ, దారీ, ఆయుధాలూ, ఇంధనమూ ఒక్కొక్కటే బ్రీఫింగులో చెప్పుకోవాలి. దిగిన తరువాత ఎక్కడ పొరపాటు జరిగిందో డీబ్రీఫింగులో పై అధికారి ముందు చిన్నవాడైనా పెద్దవాడైనా ఒప్పుకోవాలి. ఇవి రెండూ కలిపితే ఎగిరిన గంట కంటే ఎక్కువే అవుతాయి. గట్టిగా మలుపు తిప్పితే శరీరం మీద తొమ్మిది రెట్ల బరువు పడుతుందట. నువ్వు 52 కిలోలు, అది కూడా దసరాకు వచ్చినప్పటి మాట, ఇప్పుడు ఉన్నావో లేదో. తొమ్మిది రెట్లంటే 468 కిలోలు. మన మిర్చి యార్డు లెక్కలో పది టిక్కీల, అంటే పది మిర్చి బస్తాల, పైమాటే. అంత బరువు మీద పడుతుండగా మెడ తిప్పి పక్క విమానం చూడాలి. పొద్దున ఒక అరటిపండు తిని పరుగెత్తే మనిషివి, ఎట్లా తిప్పుతావు?

సరిహద్దు స్థావరాలలో ఓ.ఆర్.పి. అని మరొక డ్యూటీ ఉన్నది. సూటు తొడుక్కుని, సిద్ధం చేసి ఉంచిన విమానం దగ్గరే కాచుకుని కూర్చోవాలి. కబురు వస్తే నిమిషాలలో పైకి లేవాలి, రాకపోతే కూర్చోవడమే పని. మా డిపోలో స్పేరు డ్యూటీ ఇటువంటిదే. బండి తీయలేదు కాబట్టి పని చేయలేదని అనేవాళ్లను చాలామందిని చూశాను, ఒకప్పుడు నేనూ అన్నాను.

రవాణా విమానాల పైలట్లది ఇంకొక రకం. ఏ రోజు ఎక్కడ పడుకుంటారో వాళ్లకే తెలియదు, అన్నీ నైట్ అవుట్లే అనుకో. 2013 ఆగస్టులో లడఖ్‌లోని దౌలత్ బేగ్ ఓల్డీలో, 16,614 అడుగుల ఎత్తున, సి-130జె విమానాన్ని దింపారు. 2023 ఏప్రిల్‌లో సూడాన్ యుద్ధంలో చిక్కుకున్న మనవాళ్ల కోసం అదే రకం విమానం అర్ధరాత్రి వాడీ సీద్నా అనే చోట, దీపాలూ దారిచూపే సాధనాలూ లేని నేల మీద, చీకట్లో చూపు ఆనించే కళ్లజోళ్లతో దిగి 121 మందిని తీసుకువచ్చింది. అమ్మకు ఈ కథ చెబితే, 'అమ్ములును ఇందులో వేస్తే బాగుండును, మనుషులను తెచ్చే పని కదా' అన్నది. అమ్మ అసలు కోరిక ఎయిర్‌లైన్సు అని నీకు తెలుసు. ఆ పైలట్లకు ఈ జూలై నుంచి వారపు విశ్రాంతి 48 గంటలు చేశారని పేపరులో చూసి నాకు మూడుసార్లు చదివి వినిపించింది. సైన్యంలో ఏ దళమైనా కబురు వచ్చినప్పుడు వెళ్లవలసిందే, వారం లెక్క అక్కడ సాగదు అని చెప్పాను. మాట్లాడకుండా వంటింట్లోకి వెళ్లిపోయింది.

నిరుడు మార్చి 18న కొరిశపాడు దగ్గర హైవే మీద విమానాలు దింపినప్పుడు సెలవు దొరకక రాలేకపోయావు, నేను వెళ్లాను. సుఖోయ్ యుద్ధవిమానాలు రోడ్డును తాకుతాయేమో అన్నంత కిందికి వచ్చి, దిగకుండానే పైకి లేచిపోయాయి. ఎ.ఎన్.-32, డోర్నియర్ రవాణా విమానాలు మాత్రం దిగి మళ్లీ ఎగిరాయి. ఆ రోడ్డు పొడవు 4.1 కిలోమీటర్లు. నౌకాదళం విమానాలు దిగే విక్రాంత్ ఓడ మొత్తం పొడవు 262 మీటర్లు. పదిహేను విక్రాంత్‌లు వరుసగా పేర్చినా కొరిశపాడు దగ్గర ఇంకా రోడ్డు మిగులుతుంది. ఈ లెక్క ఎవరూ అడగలేదు. నేనే రాత్రి పడుకుని వేసుకున్నాను.

కనుక నౌకాదళం సంగతి. నేవీ తాతగారు పాత విక్రాంత్ మీద పని చేసినవారు. ఆయన చెప్పినదానిలో నాకు బాగా పట్టుకున్నది ఒకటి ఉన్నది. ఓడ మీద దిగేటప్పుడు తోక కొక్కెం డెక్కు మీది తీగను పట్టుకోవాలి. చక్రాలు డెక్కును తాకిన క్షణంలో పైలట్ వేగం తగ్గించడు, ఇంజనుకు పూర్తి బలం ఇస్తాడు. కొక్కెం తీగకు తగలకపోతే ఆ బలంతోనే మళ్లీ గాలిలోకి లేవాలి, లేకపోతే సముద్రమే. అంటే దిగడానికీ ఎగరడానికీ ఒకే క్షణంలో సిద్ధపడి ఉండాలి. పైగా బస్సు తిరిగి వచ్చేసరికి డిపో ఉన్నచోటనే ఉంటుంది. ఓడ ఉండదు, కదిలిపోతూ ఉంటుంది. ఎగరని రోజున కూడా ఓడ మీదనే ఉండాలి కనుక అది సెలవు కాదు. నెలల తరబడి ఇంటికి ఫోను కూడా కుదరదట. ఆ చివరి సంగతికి నీకు అభ్యాసం బాగానే అవుతున్నది.

అందరూ ఓడ మీదకే వెళ్లరులే. అరక్కోణంలోని పి-8ఐ విమానం 1,200 నాటికల్ మైళ్లు, అంటే గుంటూరు నుంచి దాదాపు శ్రీనగర్ అంత దూరం, సముద్రం మీద వెళ్లి, అక్కడ నాలుగు గంటలు జలాంతర్గాముల కోసం వెతికి తిరిగి రాగలదు. యుద్ధవిమానం పైలట్‌కు అలసట ఒంట్లో అయితే, ఇక్కడ అలసట కళ్లలోనూ ఓపికలోనూ. కింద నీళ్లు తప్ప మరేమీ కనబడని గంటలు అవి. ఇంటర్ సెలవులలో విశాఖ బీచ్ రోడ్డులో ప్రదర్శనకు పెట్టిన టి.యు.-142 విమానంలోకి వెళ్లి బయటకు రానని మొండికేశావు, ఐస్‌క్రీము కరిగి అన్నయ్య చొక్కా పాడయింది. అది కూడా ఇదే పని చేసి రిటైరయింది.

నీకు నేవీ పిచ్చి పట్టింది ఆ రోజు కాదని నాకు తెలుసు. నిరుడు సెప్టెంబరులో విజయవాడ సింగ్‌నగర్‌లో పెద్దత్తయ్య మేడ మీద పట్టింది. వినాయక చవితికి వారం ముందుగా నువ్వు అక్కడికి వెళ్లడమేమిటి, ఆ ఆదివారమే బుడమేరు పొంగడమేమిటి. ఇటు ప్రకాశం బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కుల నీరు వచ్చింది, అటు మీరు మేడ మీద. నౌకాదళం వారివీ వైమానిక దళం వారివీ హెలికాప్టర్లు వచ్చి పొట్లాలు వేశాయి. అత్తయ్య ఇప్పటికీ చెప్పేది ఆరేసిన చీరలు ఎగిరిపోయాయనీ, పులిహోర పొట్లం పక్కవాళ్ల ట్యాంకులో పడిందనీ. నువ్వు చెప్పినది వేరు. కరెంటు తీగలకూ సెల్ టవరుకూ మధ్య అంత పెద్ద యంత్రం కదలకుండా నిలబడి ఉన్నదనీ, తలుపు దగ్గర పడుకున్న మనిషి కిందికి చూస్తూ పైలట్‌కు అడుగు అడుగునా చెబుతున్నాడనీ, పైలట్‌కు తన కింద ఏమున్నదో కనబడదనీ చెప్పావు. ఆ మాట చెబుతున్నప్పుడు నీ కళ్లు చూసి అప్పుడే అనుకున్నాను. నా కాగితంలో కూడా, ఏ దళమైనా సరే, అన్నిటికంటే బరువుగా తేలిన డ్యూటీ హెలికాప్టరుదే. గాలిలో ఉన్నంతసేపూ రెండు చేతులూ రెండు కాళ్లూ పనిలోనే ఉంటాయట. ఎప్పుడు పిలుపు వస్తుందో తెలియదు, ఎక్కడ దింపాలో వెళ్లాక కానీ తెలియదు.

సైన్యం (ఆర్మీ) విమాన విభాగం 1986 నవంబరు 1న విడిగా ఏర్పడింది. అది నీ ముందున్న దారి కాదు కనుక క్లుప్తంగా ముగిస్తాను. ఆ పైలట్లు నాసిక్‌లో నేర్చుకుంటారు. సియాచెన్ మంచు మీది పోస్టులకు చీతా హెలికాప్టరులో కిరోసిను, మందులు, ఉత్తరాలు తీసుకువెళతారు. గాలి పలుచన కనుక కిలోల లెక్కన తూచి ఎక్కించాలి. దిగిన తరువాత ఇంజను ఆపరు, ఆపితే ఆ చలిలో మళ్లీ అందుకుంటుందన్న నమ్మకం లేదు.

కోస్టుగార్డు సంగతి మాత్రం నువ్వు అసలు ఆలోచించలేదని నా ఫిర్యాదు. వాళ్లకు శాంతికాలం అంటూ విడిగా లేదు. తుపాను ముందు డోర్నియర్లలో తిరిగి పడవలను ఒడ్డుకు మళ్లించడం, తప్పిపోయినవాళ్లను వెతకడం, రోజూ ఉండే పని. నిజాంపట్నం జాలరి తిరిగి రాకపోతే వెళ్లేది వాళ్లే. అయితే దాన్ని తేలిక అనుకుని చెప్పడం లేదు. ఈ జనవరిలో పోర్‌బందరులో వాళ్ల హెలికాప్టరు కూలి ముగ్గురు పోయినప్పుడు అమ్మ రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. నువ్వు అప్పటికి దరఖాస్తు కూడా పెట్టలేదు.

ఇంతవరకూ వ్రాసినది కాగితం మీది లెక్క. కాగితం మీది లెక్కను నేను ఎంత గుడ్డిగా నమ్మానో నీకు ఎప్పుడూ చెప్పలేదు. 1998 సంక్రాంతి స్పెషళ్ల రోజులు. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం అప్పట్లో రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు పని అని చెప్పేది. నా చార్టు ఆ గీత ఎన్నడూ దాటలేదని నాకు గర్వం. మస్తాన్ అని హైదరాబాదు నైట్ సర్వీసు డ్రైవరు. తెల్లవారి ఆరింటికి బండి తెచ్చి అప్పగించాడు, రాత్రి తొమ్మిదింటికి మళ్లీ తీయాలి. ఎనిమిదిన్నరకు వచ్చి నా బల్ల ముందు నిలబడి, 'సార్, పిల్లాడికి జ్వరం, పగలంతా ఆసుపత్రిలోనే ఉన్నాను, నిద్ర లేదు, ఈ రాత్రికి బండి తీయలేను' అన్నాడు. బస్సు నిండా రిజర్వేషన్లు. వెనుక ఏడెనిమిది మంది డ్రైవర్లూ కండక్టర్లూ నిలబడి ఉన్నారు. నేను చార్టు అతని వైపు తిప్పి, 'దీని ప్రకారం నీకు పదిహేను గంటల విశ్రాంతి ఇచ్చాను, ఆ పదిహేను గంటలు నువ్వు ఏం చేసుకున్నావో నాకు అనవసరం' అన్నాను. ఇంకా రెండు మాటలు కూడా అన్నాను, అవి వ్రాయను. వేరే మనిషిని వెతికి యాభై నిమిషాలు ఆలస్యంగా బస్సు పంపించి, మస్తాన్‌కు గైరుహాజరు వేశాను.

ఆ తరువాత ఆరు నెలల పాటు నా దగ్గరకు వచ్చి నిద్ర లేదని చెప్పిన డ్రైవరు ఒక్కడు లేడు. క్రమశిక్షణ కుదిరిందని అమ్మతో చెప్పుకుని మురిసిపోయాను. జూలైలో పెద్దత్తయ్య కంటి ఆపరేషన్‌కని అదే నైట్ సర్వీసులో ముందు సీటులో కూర్చుని బయలుదేరాను. మిర్యాలగూడ దాటిన తరువాత డ్రైవరు బండిని పక్కకు తీసి ఆపాడు, దిగి క్యానులో నీళ్లు నెత్తి మీద గుమ్మరించుకున్నాడు. కొంతదూరం పోయాక మళ్లీ ఆపాడు. నేను దిగి, 'నిద్ర వస్తుంటే డిపోలోనే చెప్పవచ్చు కదయ్యా' అన్నాను. అతను తల తుడుచుకుంటూ, 'చెబితే ఏమవుతుందో మస్తాన్‌ని చూశాం కదండీ' అన్నాడు. అందులో కోపం కూడా లేదు. వాన పడుతున్నదని చెప్పినట్లు చెప్పాడు. వెనుక అత్తయ్యతో కలిపి అంతమంది నిద్రపోతున్నారు. హైదరాబాదు ఇమ్లీబన్ బస్టాండు చేరే దాకా నేను అతనితో మిర్చి ధరలూ, వాళ్ల ఊరి తిరునాళ్లూ, నోటికి వచ్చినదల్లా మాట్లాడుతూనే ఉన్నాను. తిరిగి వచ్చాక మస్తాన్ ఇంటికి వెళ్లాను. టీ ఇచ్చాడు, పిల్లాడిని చూపించాడు, బాగానే ఉన్నాడు. ఆ రాత్రి సంగతి నేనూ ఎత్తలేదు, అతనూ ఎత్తలేదు.

పైలట్‌కు కూడా ఒంట్లో బాగాలేని రోజున ఈ పూట ఎగరలేనని చెప్పే వీలు ఉండాలి. దళాలన్నిటిలో విమానం ఎక్కేముందు డాక్టరు చూసే ఏర్పాటు ఉన్నదని తాతగారు అన్నారు. డాక్టరుకు నాడి తెలుస్తుంది కానీ నిద్రలేమి, మనసులో బెంగ మనిషి చెబితేనే కదా తెలిసేది. నువ్వు చెప్పే మనిషివేనా? నేను ఏది అడిగినా 'ఏం లేదు నాన్నా' అంటావు. ఆ మాట వింటుంటే నాకు ఆ ఆరు నెలల డిపో గుర్తుకు వస్తున్నది. ఇంజనీరింగులో చేరేటప్పుడు కౌన్సెలింగు రోజున నలుగురిలో నేను నిన్ను అన్న మాటలు నువ్వు మరిచిపోయి ఉంటావని ఇన్నాళ్లూ అనుకున్నాను.

ఉపన్యాసం చేయనని అమ్మకు మాట ఇచ్చి మొదలుపెట్టాను, చేసేశాను. నేవీ అయితే ముందు కేరళలో ఎళిమల నౌకాదళ అకాడమీ, ఆ తరువాత ఎగరడం నేర్చుకోవడానికి ఎటూ హైదరాబాదు దగ్గరి దుండిగల్ వైమానిక దళ అకాడమీకే పంపిస్తారట. దుండిగల్ అయితే ఇక్కడి నుంచి పొద్దున బయలుదేరి సాయంత్రానికి చూసి రావచ్చునని అమ్మ సంతోషించింది. 2016లో మొదటి ముగ్గురు అమ్మాయిలు యుద్ధవిమానాలకు అక్కడే ఎంపికై బయటకు వచ్చారు. ఈ జూలై 3న విశాఖలోని నౌకాదళ విమాన స్థావరం ఐ.ఎన్.ఎస్. డేగాలో నౌకాదళం యుద్ధవిమానాలకు ఎంపికైన మొదటి అమ్మాయి ఆస్థా పూనియా ఫోటో మన పేపరులో వచ్చింది. మరునాడు చూస్తే ఆ పేజీలో చతురస్రంగా కన్నం ఉన్నది. ఆ వారం ఇంట్లో ఉన్నది నువ్వు ఒక్కదానివే. కన్నం గురించి నేను ఎవరినీ అడగలేదు.

బంటి చెప్పినది నిజమైతే నిజమని వ్రాయి. వద్దనను. నాలుగు ప్రశ్నలు అడుగుతాను, అంతే. నలుగురిలో అడగను.

పార్శిలు విడిగా పంపిస్తున్నాము. గోంగూర పచ్చడి, సున్నుండలు, కరివేపాకు పొడి ఉన్నాయి. సున్నుండలు రోజుకు రెండు తినాలి, పీజీలో పంచిపెట్టవద్దు. రక్తం తక్కువ ఉన్నదని పోయినసారి వచ్చిన రిపోర్టు కాపీ కవరులో పెట్టాను. ఆ మాత్రలు వాడావో లేదో అందులోనే టిక్కు పెట్టి ఫోటో పంపించు. బెంగళూరులో చలి మొదలై ఉంటుంది, నీలం స్వెట్టరు బీరువా పైఅరలో ఉండిపోయింది, అది కూడా పెట్టాము. ఆదివారం రాత్రి తొమ్మిదింటికి ఫోను చేస్తాను. మీటింగు ఉంటే తొమ్మిదిన్నరకు చేస్తాను.

ఆశీస్సులతో,
నాన్న

తాజాకలం: పచ్చడి సీసా మూతకు అమ్మ మైనం పెట్టింది. చాకుతో గీకవద్దు, చెయ్యి కోసుకుంటావు. వేడినీళ్లలో ఒక నిమిషం పెడితే అదే వస్తుంది.